ఇల్లు చూసిపోయిన్రు

మా అమ్మ ఇంటికి ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తది, నీళ్ళిస్తది, తర్వాతనే ఎందుకొచ్చిన్రో అడుగుతది. కరెంట్ బిల్లు కొట్టేటాయన వచ్చినా గంతే. చాయ్ తాగకుండ పోతే ఆ రోజంతా ఆమెకు మనసున పట్టది. నాచారంల మాది ఒక రూము, దాని ఎనుక వంటకు జర జాగ. మీద ఓనర్లు ఉంటరు. నాయినది మల్లాపూర్‌ల ప్లాస్టిక్ బిందెలు చేసే ఫ్యాక్టరీల షిఫ్టు పని. అమ్మ ఇంట్లనే మిషన్ మీద జాకెట్లు కుడుతది, చీరెలకు ఫాల్ వేస్తది. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, మేం ఎట్ల బతుకుతున్నమో తెలుసుకునేటందుకే ఒకసారి మా ఇంటికి వచ్చిన్రు, తెలుసుకోకుండనే పోయిన్రు.

నేను సర్కారు బడిల తొమ్మిది చదువుతుంటే మా ఇంగ్లీష్ టీచర్ ఒక ముచ్చట తెచ్చింది. ఒక సంస్థోళ్ళు సర్కారు బడి పిల్లలను ఏడాది పాటు జపాన్‌ల చదివిస్తరట. మనం కట్టేది ఏం లేదు. టికెట్, తిండి, ఉండుడు, ఆఖరికి చలికోటు గూడ వాళ్ళే ఇస్తరట. మా దిక్కు బడులన్నిటికి కలిపి ఒక్కటే సీటు. టీచర్ చెప్పంగనే క్లాసుల సగం మంది నవ్విన్రు. నాకు నవ్వు రాలే, బెల్లు కొట్టంగనే పోయి పేరు రాయించిన.

ఉప్పల్ పోయే తొవ్వల పెద్ద పెద్ద సైన్స్ ఆఫీసులున్నయి. గేటు కాడ సెక్యూరిటీ, లోపల చెట్లు. ఆ గోడ పక్కపొంటి నేను చిన్నప్పటి సంది నడిచిన, లోపల ఏముంటదో మాత్రం చూడలే. అందుల పనిచేసేటోళ్ళ పిల్లలు మా బడికి రారు. మా బడిల గూడ మైక్రోస్కోప్ ఉండె, బీరువాల. పగిలితే ఎవ్వలు జవాబు చెప్పాలె అని తాళం తియ్యకపోతుండె. ఇంటర్వ్యూ రోజు వాళ్ళొక వీడియో చూపెట్టిన్రు. ఆ జపాన్ బడిల ఒక్కొక్క పిల్ల ఒక్కో మైక్రోస్కోప్ ముందట కూసున్నది. కిటికీ బయట మంచు పడుతున్నది, ఒక్కరు గూడ అటు దిక్కు చూస్తలేరు. నాకైతే మంచు గూడ చూడాలె, మైక్రోస్కోప్‌ల గూడ చూడాలె. అంత గట్టిగ నేను దేన్నీ కోరుకోలే, ఇప్పటిదాంక.

ఇప్పుడు నేను పోచారం దిక్కు ఒక కంపెనీల పనిచేస్తున్న. ఫోన్‌ల హైదరాబాద్ వెదర్ కింద ఆ జపాన్ బడి ఉన్న ఊరి వెదర్ పెట్టుకున్న. పొద్దుగాల క్యాబ్‌ల కూసోని చూస్త. మనకు చెమటలు కారుతుంటయి, ఆడ ఇంకా చలే ఉంటది. పక్క సీటు పిల్ల ఒకసారి తొంగి చూసి, "నీకు ఆడ ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది. ఎవరున్నరు? నేనే ఉండాల్సింది.

సరే. పరీక్ష రాసిన, పాసయిన. ఇంటర్వ్యూల గూడ పాసయిన. జపాన్‌ల పిల్లలే బడి ఊడ్చుకుంటరట అని అమ్మకు గొప్పగ చెప్తే, "మీరు ఈడ గూడ ఊడుస్తనే ఉన్నరు గదనే, దానికి గంత దూరం పోవాల్నా?" అని నవ్వింది. నవ్వుకుంటనే వాడకట్టంత తిరిగి చెప్పొచ్చింది. ఫాల్ వేయించుకోనీకి వచ్చినోళ్ళకు గూడ చీరె తీసుకునే ముందు నా జపాన్ సంగతే.

ఇగ ఆఖరిది ఇల్లు చూసుడు. ఐతారం వస్తరని టీచర్ ఫోన్ చేసి చెప్పింది. ఎందుకు చూస్తరో ఆమెకు గూడ తెల్వదు, ఎవ్వలన్న చెప్తె గద. అమ్మకు మాత్రం ఇల్లు చూసుడంటే ఒక్కటే తెలుసు, పెళ్ళిచూపులు. "పిల్లను దేశంగాని దేశం తోల్కపోతున్నరు. మంచి ఇంటి పిల్లేనా, మర్యాదస్తులేనా అని చూడరా మరి?" అన్నది. అనుడే ఆలస్యం, వాడకట్టు లేచింది.

మీది ఓనర్ల సోఫా నలుగురు పట్టుకొని మెట్ల మీదికెళ్ళి దించిన్రు. పక్క పోర్షన్ వదిన ఫ్రిజ్ మా గోడకు వచ్చింది. అందుల పెట్టనీకి ఏం లేక నీళ్ళ సీసాలు నింపి పెట్టినం. ఎదురింటక్క తన పెళ్ళికి వచ్చిన గాజు కప్పులు డబ్బల నుంచి తీసిచ్చింది. ఆమె మొగుడు గూడ ఎన్నడు వాటిల చాయ్ తాగలేదట. కర్టెన్లు ఒకరియి, కార్పెట్ ఒకరిది. మా నీళ్ళ డ్రమ్ములు మెట్ల కిందికి పోయినయి. అమ్మ కుట్టుమిషన్ ఎదురింట్లకు పోయింది. నాయిన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంల నిలబడి, "ఏందిది, నేను తప్పు ఇంటికొచ్చిన్నా?" అన్నడు. "నువ్వు జర నోరు మూసుకొని ఆ తెల్లంగి తొడుక్కో," అన్నది అమ్మ. నిజం చెప్తున్న, ఆ రోజు మా ఇల్లు మస్తు ముద్దుగుండె. గట్లనే ఉంటే బాగుండు అనిపించింది.

వచ్చింది ఒక మేడం. మంచి మనిషే, మాట ఆంధ్ర దిక్కుది. సోఫాల కూసున్నది, సల్లటి నీళ్ళు తాగింది, నలుదిక్కుల చూసింది. "ఇల్లు చాలా బాగా పెట్టుకున్నారమ్మా. ఇవన్నీ మీవేనా?" అని అడిగింది. అమ్మ ముఖం ఎలిగిపోయింది. "మాయే మేడం. అంతా దేవుని దయ." నాయిన తల కిందికేసిండు. మేడం చేతిల ట్యాబ్‌ల ఏందో కొట్టుకున్నది. జీడిపప్పేసిన ఉప్మా తిన్నది, నా తల నిమిరింది, పోయింది. ఆమె కారు సందు దాటంగనే ఇంట్ల ఒకటే సంబురం. కప్పు ఒక్కటి గూడ పగల్లేదని ఎదురింటక్క దండం పెట్టుకున్నది.

సీటు ఘట్‌కేసర్ దిక్కు ఒక పిల్లకు వచ్చింది. ఎందుకట్లయింది అని మా టీచర్ ఫోన్ చేసి అడిగితే, "మార్కులు మీ పిల్లకే ఎక్కువ. కానీ మీ పిల్ల వాళ్ళ ఇంటి పరిస్థితి బాగుంది, అవసరం ఎక్కువున్న పిల్లకు ఇచ్చాం" అన్నరట. టీచర్ ఇంటికొచ్చి చెప్తుంటే అమ్మ మిషన్ ఆపింది. "పరిస్థితి బాగుంటే తప్పేంది టీచర్?" అని అడిగింది. అడిగినంక సమజయింది ఆమెకు. ఎదురింటి దిక్కు చూసింది, మీది దిక్కు చూసింది.

నాకు ఇప్పటికీ మండుతది. ఆ పిల్ల మీద కోపం లేదు. అబద్ధం ఎందుకు, కొంచెం ఉన్నది. గని ఆమెకు గూడ అక్కెరే గద, ఆమెకు గూడ బడిల బీరువాకు తాళమే ఉండొచ్చు. నా కోపం వేరే. మా పేదరికం చూడనీకి వస్తున్నం అని ఒక్క మాట ముందుగాల చెప్తే వాళ్ళ సొమ్మేం పోయేది? చదువుకున్న ఇండ్లల్ల అయితే ఎవరు ఏం చూస్తరో, ఏం అడుగుతరో తల్లిదండ్రులకు ముందే తెలుస్తది. మాకు తెలిసిందల్లా, ఇంటికి మనుషులొస్తే ఉన్నదాంట్ల మంచిగ కనవడుడు. అందరికీ ఒక్కటే పరీక్ష పెట్టినమని వాళ్ళనుకున్నరు. మాకు పరీక్ష ఏందో గూడ తెల్వదు.

తెల్లారి అమ్మ నన్ను తోల్కొని దిల్‌సుఖ్‌నగర్ దిక్కున్న వాళ్ళ ఆఫీసుకు పోయింది. ఆ మేడమే ఉండె. కూసోమన్నా అమ్మ కూసోలే.

"మేడం, ఆ సోఫా మాది కాదు. ఫ్రిజ్ మాది కాదు. మీరు తాగిన కప్పు గూడ మాది కాదు. నేను జాకెట్లు కుడత మేడం. మాకేం లేదు."

ఆ మాట అననీకి మా అమ్మ ఎంత కిందికి దిగిందో నాకొక్కదానికే తెలుసు. కిరాయికి ఆలస్యమైనా, ఓనర్ల ముందట గూడ ఎన్నడు తల వంచలే ఆమె.

మేడం లేచి నిలబడ్డది. "అయ్యో, ఆ రోజే చెప్పాల్సిందమ్మా," అన్నది.

"ఇంటికొచ్చినోళ్ళకు మాకు లేదని ఎట్ల చెప్పాలె మేడం?"

మేడం ట్యాబ్ తెరిచి చూసింది. ఆ పిల్ల పాస్‌పోర్ట్ పని గూడ మొదలైందని చెప్పింది. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటుతదని గూడ చెప్పింది. "ఆ పిల్లను తీసెయ్యమంటలేను," అన్నది అమ్మ. "ఇంకొక్క సీటు ఉండదా?" ఉండదట. మేడం కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నీళ్ళు తిరిగితే మాకేం వచ్చింది?

ఉప్పల్ రింగు రోడ్డు కాడ దిగి, నాచారం బస్సు కోసం మెట్రో కింద నిలబడ్డం. బస్సొచ్చింది. అమ్మ ఎక్కలే. ఇంకోటి వచ్చింది, అది గూడ ఖాళీగనే ఉండె, ఎక్కలే. "అమ్మా, పోదాం పా," అంటే నా దిక్కు తిరిగింది.

"నిన్ను చూడకుండ ఏడాది ఎట్లుండాలె అని రోజూ భయపడ్డ బిడ్డ. నీకు సీటు రావాలె, రావాలె అని ఎన్నో మొక్కులు మొక్కిన. ఒక్క రాత్రి, ఒక్కటంటే ఒక్కసారి, నా బిడ్డ పోకుంటే బాగుండు అనుకున్న. ఆ దేవునికి గదొక్కటే ఇనవడ్డదా?"

నేను ఆమెను గట్టిగ పట్టుకున్న. అందరు చూస్తున్నరు, చూడనీ. నాకు ఆ గడియల మా అమ్మ కావాలె, జపాన్ గూడ కావాలె. రెండిట్ల ఒక్కటి గూడ తక్కువ కాలే, ఇప్పటికీ.