రాతి మొహంతో లైట్ల షాపుకు

ఇల్లు కట్టి చూడు అన్నవాడు లైట్ల షాపుకు పోలేదని నా గట్టి నమ్మకం. పోయుంటే పెళ్ళి మాట ఎత్తేవాడు కాదు.

ఆళ్లగడ్డలో మా కొత్త ఇంటికి రంగులు వేయడం అయిపోయింది. వైర్లు గోడల్లోంచి ఎలుక తోకల్లా వేలాడుతున్నాయి. ఏ లైట్లు పెడదామని మా ఆయన్ను అడిగితే, "వెలిగేదేదైనా తెచ్చుకోపో" అన్నాడు. ఆ మనిషికి ఇల్లయినా పశువుల కొట్టమైనా ఒకటే. సరే, నేనే నంద్యాల పోయొస్తానని బయలుదేరితే, మా నాయన అప్పటికే చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. భుజాన బట్ట సంచి. సంచిలో ఏముందో నాకు తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది.

"అదెందుకు నాయనా ఇప్పుడు?"

"నీడ యాడ పడ్తాదో చూడొద్దా? లైటు కొనేది బల్బు అందం చూసేనా?"

సంచిలో ఉన్నది అమ్మవారి మొహం. నల్లరాయి, పెద్ద టెంకాయంత. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా నాయన శిల్పాల షెడ్డులో మొహాలు చెక్కుతున్నాడు. విగ్రహానికి ఒళ్ళు ఎవరు చెక్కినా మొహం మాత్రం ఆయన చేతికే వచ్చేది. ఉయ్యాలవాడ దగ్గర ఒక ఊరివాళ్ళు తమ గుడికని ఈ మొహం చేయించుకుపోయి, వారం తిరక్కుండానే వెనక్కు తెచ్చి దించారు. ఎడమ కన్ను కిందికుందట. షెడ్డు యజమాని గొంతు కూడా పెంచలేదు. మొహాలు ఆపేసి, ఆయనకు పీఠాలిచ్చాడు. గీత కొట్టుకుని నలుచదరంగా చెక్కితే అయిపోయే పని, కొత్తగా చేరినవాళ్ళకిచ్చేది.

ఆ రోజు నుంచి మా నాయన ట్యూబులైటును తిట్టడం మొదలుపెట్టాడు. తప్పు తన కంటిది కాదు, చేతిది కాదు, షెడ్డులో నెత్తిన వేలాడే ట్యూబులైటుదే. అది పైనుంచి తెల్లగా కుమ్మరిస్తుందట, నీడ పడనియ్యదట, నీడ లేకుంటే కన్ను తీరు తెలియదట. ఎండలో పెట్టి చూడమంటే, "గుళ్ళోకి ఎండ వస్తాదా?" అనేవాడు. టార్చి వేస్తే నా చెయ్యి వణుకుతోందని నన్నే తిట్టాడు. పక్కనుంచి ఒక్కటే మంచి లైటు పడితే ఆ కన్ను సరిగ్గా ఉందని తేలుతుందట. తేలితే ఆ లైటు తీసుకుపోయి యజమాని ముందర పెట్టి, మళ్ళీ మొహాలు అడుగుతాడట. నేను ఎగతాళి చేసేదాన్నే గానీ, లోపల నాకూ అదే ఆశ. పీఠాలు చెక్కి వచ్చిన రోజు ఆయన సగం అన్నంలో లేచిపోతాడు. నేనది చూడలేను.

బస్సులో కండక్టరు సంచిని కాలితో జరపబోయి ఆగాడు. "ఏముండాది పెద్దాయనా, ఇంత బరువు?"

"అమ్మవారు."

కండక్టరు గబగబా లెంపలు వేసుకున్నాడు. "మరి టికెట్టు కొట్టాల్నా?"

"ఆడోళ్ళకు ఫ్రీనే గదప్పా," అన్నాన్నేను. బస్సంతా నవ్వింది, మా నాయన తప్ప.

షాపులో అడుగు పెట్టగానే కళ్ళు బైర్లు కమ్మాయి. అన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి. గాజుపూసల గుత్తుల్లా వేలాడే ఝూమర్లు, తామరపూల లైట్లు, కుండ బోర్లించినట్టున్నవి, సీలింగులో దాక్కునేవి. షాపాయన పట్టుచీరలు చూపినట్టు ఒక్కొక్కటే చూపిస్తూ, "ఈ ఝూమరు హాల్లో పెడితే కల్యాణ మండపమేనమ్మా!" అన్నాడు. నేను కట్టుకున్నది ఇల్లు మహానుభావా. ఇంకోటి రిమోటు నొక్కితే మూడు రంగులు మారుతుంది. రంగులు మారే లైటు కింద కూచుని బియ్యంలో రాళ్ళెవరు ఏరాలి? దాచడమెందుకు, ఝూమరు మీద మాత్రం మనసు పడింది. దాని దుమ్ము తుడిచేది నువ్వే కదే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా నాయన వీటిలో ఒక్కటీ చూడలేదు. కౌంటరు మీద తువ్వాలు పరిచి మొహాన్ని పెట్టాడు. షాపాయన చేతులు వాటంతటవే జోడయ్యాయి. "అప్పా, ఒక్క లైటు ఉంచి కడమవన్నీ ఆర్పు," అన్నాడు మా నాయన.

జోడించిన చేతులు విడిపోయాయి. "దీపాలు పెట్టే యాళ అంగట్లో లైట్లు ఆర్పమంటావా పెద్దాయనా? లక్ష్మి నిలుస్తాదా? అదీ అమ్మవారిని ముందర పెట్టుకోని!"

"అన్నీ వెలుగుతాంటే ఏది ఎట్లుండాదో ఎట్ల తెలుస్తాదప్పా?"

"తెలీకుండా ఉండేకే గదా అన్నీ ఏసి పెట్టేది," అని నోరు జారాడు పాపం.

ఉపాయం నాకే తట్టింది. మూలన ఝూమరు వచ్చిన అట్టపెట్టె ఉంది, దూడ పట్టేంతది. దాన్ని అడ్డంగా పడేసి, లోపల అమ్మవారిని పెట్టాం. గోడకు బిగించే చిన్న ఫోకస్ లైటొకటి వైరుతో సహా ఇప్పించుకున్నాం. నాయనా నేనూ మోకాళ్ళ మీద వంగి తలలు లోపల దూర్చాం. షాపాయన పైన గోనెపట్టా కప్పాడు. ఆ సాయంత్రం లైట్లు కొనడానికి వచ్చినవాళ్ళకు మా ఇద్దరి వెనకభాగాలే దర్శనం.

లోపల అట్ట వాసన, మా నాయన బీడీ వాసన. ఆయన లైటును ఎడమకు తెచ్చాడు. ముక్కు నీడ బుగ్గ మీద చక్కగా వాలింది. పెదవి నవ్వింది. అబ్బ, ఎంత బాగుందో ఆ తల్లి! కుడి కన్ను మమ్మల్నే చూస్తోంది. ఎడమ కన్ను గోరు మందం కిందికుంది.

లైటు కుడికి తెచ్చాడు. పైకెత్తాడు. దించాడు. ఎటు తిప్పినా గోరు మందమే.

నాకు ఏడుపొస్తే నోరు లేస్తుంది. "ఇదేం దిక్కుమాలిన లైటు నాయనా! ఉండు, ఇంకోటి తెమ్మంటా," అని అరిచాను. ఆయన బొటనవేలితో ఆ కంటి కింది రెప్పను మెల్లగా తడిమాడు.

"లైటును అనగాకు మ్మే," అన్నాడు. "మంచి లైటు. బాగా కనపడ్తాండాది."

బయటికి రాగానే షాపాయన ఆత్రంగా, "ఎట్లుండాది పెద్దాయనా?" అన్నాడు. "ఇదే కట్టియ్యి," అని మా నాయన మొహాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. తక్కిన లైట్లు నేనేం కొన్నానో ఇంటికొచ్చి విప్పేదాకా నాకే తెలియదు. చూస్తే ఝూమరు కూడా ఉంది.

మరుసటి రోజు పొద్దున షెడ్డు యజమాని ఫోను చేశాడు. "మ్మా, మీ నాయన ఈ పొద్దు నాకంటే ముందొచ్చినాడు. దినామూ మొగం ఇయ్యి, మొగం ఇయ్యి అని నా పానం తీసేటోడు, తనే పోయి పీఠం రాయి ముందరేసుకోని గమ్మున చెక్కుతాండాడు. ఇంట్లో ఏమన్నా అంటిరా?"



"ఏమంటాం అన్నా," అన్నాను. "మంచి లైటు కొనిచ్చినాం, అంతే."