టికెట్ మీద ముద్దుపేరు

మా ఊళ్లో ఎవరినీ చర్చిలో పెట్టిన పేరుతో పిలవరు. నా పేరు ఎస్తెబాన్. పెళ్లిరోజు ఫాదర్ ఆ పేరు చదివితే, పెళ్లికొడుకు మారిపోయాడేమోనని మా అత్తగారు కంగారుపడింది. ఊరందరికీ నేను జీపు తెబాన్‌నే.

మా పక్కింటి పురింగక్క కూడా అంతే. ఇంట్లోనే కూర్చుని చెప్పుల కంపెనీకి బూట్ల పైతోలు కుడుతుంది. వాళ్లక్క లూమింగ్ ఎదురుగా కూర్చుని జిగురు రాస్తుంది. రేడియోలో నెస్టర్ అలమార్ పాట వచ్చిందంటే ఇద్దరి చేతులూ ఆగిపోతాయి. ఆయన్ని ఒక్కసారి ఎదురుగా చూడాలని లూమింగక్క కోరిక. కిందటిసారి ఆయన మా ఊరొస్తే, కౌంటరు తెరిచిన కాసేపటికే టికెట్లన్నీ బ్లాకులోకి పోయాయి. పాపం, దాచుకున్నదంతా పోసి వీధిలో ఒకటి కొంది. అది దొంగ టికెట్టు. గేటు దగ్గర జబ్బ పట్టుకుని బయటికి నెట్టారు. తిరిగొచ్చేటప్పుడు నా జీపులో దారంతా ఆ టికెట్టునే చూస్తూ మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"వీళ్ల అంతు చూస్తాను తెబాన్," అంది పురింగక్క.

అక్కడ మొదలైంది మా తిరుగుడు. ఆవిడ అడిగింది రెండే ముక్కలు. టికెట్ మీద కొన్నవాళ్ల పేరుండాలి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూసి పంపాలి. రాలేనివాళ్లు టికెట్ కౌంటర్లో తిరిగిచ్చేస్తే, అచ్చేసిన ధరకే వరసలో తర్వాతి మనిషికి ఇవ్వాలి. ఇంతే. దీనికోసం ఊరి హాలు నడిపే కౌన్సిల్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం. ఒకనాడు సభ్యులు చాల్లేదన్నారు. ఒకనాడు కరెంటు లేదన్నారు. ఇంకోనాడు అందరూ ఉన్నారు, కరెంటూ ఉంది, కానీ ఎవరిదో పుట్టినరోజని నూడుల్స్ పెట్టి పంపించేశారు. నూడుల్స్ బాగానే ఉన్నాయి. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

చివరికి కౌన్సిలర్ టోటోయ్ మా పని నెత్తికెత్తుకున్నాడు. ఆయన అసలు పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. గోడల మీదా టోటోయే, బ్యాలెట్ మీదా టోటోయే.

"అక్కా, మొదటి ముక్క పాసైపోయింది," అన్నాడొకరోజు పళ్లికిలిస్తూ.

"రెండోది?"

"దాన్ని తర్వాత చూద్దాం. కౌంటర్ వాళ్లకి పని పెరుగుతుందట."

"రెండో ముక్క లేకపోతే మొదటిది ఎందుకు నాయనా? తలుపు పెట్టి గడియ బయట బిగించినట్టుంది."

"అన్నీ ఒకేసారి అడిగితే ఎలా అక్కా? రండి, ఫోటో దిగుదాం."

ఫోటో దిగారు. పురింగక్కకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. దాని మీద బంగారు అక్షరాల్లో 'శ్రీమతి పురింగ్ దిమానో' అని ఉంది.

ఆ తర్వాత నెస్టర్ ఇక పాడనని ప్రకటించాడు. ఆఖరి కచేరీ మా ఊరి హాల్లోనే, మధ్యాహ్నం ఆట. టికెట్లమ్మే రోజు తెల్లవారకముందే పురింగక్క ముక్కాలిపీట, గొడుగు పట్టుకుని లైన్లో కూర్చుంది. కౌంటర్లో పిల్ల పేర్లడిగింది. పురింగక్క పుట్టినప్పటినుంచీ ఎవరడిగినా చెప్పే పేర్లే చెప్పింది. రెండు టికెట్లు చేతికొచ్చాయి. లూమింగక్క వాటిని మేరీమాత బొమ్మ కింద పెట్టి, రోజూ దీపం వెలిగించింది.

కచేరీ రోజు ఇద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టి, తామే కుట్టుకున్న కొత్త బూట్లేసుకుని నా జీపెక్కారు. గేటు దగ్గర కాపలా కుర్రాడు లూమింగక్క కార్డు చూశాడు, టికెట్ చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"అమ్మా, కార్డు మీద ఇల్యుమినాదా అనుంది. టికెట్ మీద లూమింగ్ అనుంది."

"రెండూ నేనే బాబూ."

"ఈమెది కూడా అంతే. కార్డులో పురిఫికాసియోన్, టికెట్లో పురింగ్. పక్కకి జరగండమ్మా, వెనక జనం ఉన్నారు."

నాకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, మీ కౌన్సిలర్‌ని టోటోయ్ అని గెలిపించొచ్చు గానీ, ఈ ముసలమ్మ లూమింగ్ అని లోపలికి పోకూడదా?" అన్నాను.

"రూలు మాస్టారూ. నా ఉద్యోగం పోతుంది."

అప్పుడే మమ్మల్ని దాటుకుంటూ బ్లాకు టికెట్లవాడు నలుగురిని పక్క తలుపు వైపు తీసుకుపోతున్నాడు. పురింగక్కని గుర్తుపట్టి ఆగాడు. "మీ చట్టం పుణ్యమా అని మా రేటు పెరిగిందక్కా. ఇప్పుడు టికెట్‌తోపాటు ఆ పేరుతో కార్డు కూడా మేమే చేసిస్తున్నాం. మీకు కావాలంటే చెప్పండి, తగ్గించి ఇస్తా."

పురింగక్క వాడి వంక చూడనైనా లేదు. గేటు బయట టికెట్ దొరక్క నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లల్ని చూస్తోంది.

"అయితే ఇవి తీసుకుని అచ్చేసిన ధరకి ఆ పిల్లలకివ్వు బాబూ," అంది. "కుర్చీలైనా ఖాళీగా ఉండవు."

"తిరిగి తీసుకునే రూలు లేదమ్మా. ఈ పేర్లవాళ్లు తప్ప ఇంకెవరూ పోకూడదు." అని, కుర్రాడు విసుగ్గా నుదురు తుడుచుకున్నాడు. "ఎవరు పెట్టించారో గానీ ఈ రూలు, పొద్దున్నుంచీ అందరి తిట్లూ నాకే."

లోపల జనం చప్పట్లు కొట్టారు. నెస్టర్ గొంతెత్తాడు. లూమింగక్క గోడకి చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని వింటోంది. మొహం మాత్రం దొంగ టికెట్టు నాడు నా జీపులో ఉన్నట్టే ఉంది.

పురింగక్క అక్కవైపు చూసింది. తర్వాత కుర్రాడి దగ్గరికి వెళ్లి, మెల్లగా చెప్పింది.

"నేనే బాబూ పెట్టించింది."