కళ్లంలో తెరచాప

నా చిన్నప్పుడు సముద్రం మా పెనుకొండకు వచ్చింది. తెచ్చినవాడు మా మామ, అమ్మకు తమ్ముడు. ఏళ్లతరబడి ఓడల్లో పనిచేసి ఇంటికొచ్చిన మనిషి. కాకినాడలో తెరచాప పడవ కొంటానని, స్నేహితుడితో కలిసి అండమాన్ మీదుగా సింగపూర్ దాకా పోతానని వచ్చీరాగానే ప్రకటించాడు. ఆ మాట విన్నాక నా కాలు నేల మీద నిలవలేదు. నన్నూ తీసుకుపొమ్మని వెంటపడ్డాను. కాకినాడ నుంచి విశాఖ దాకా తీరం వెంబడి తీసుకెళ్తానన్నాడు. అయితే మా అవ్వ ఒప్పుకోవాలి.

అవ్వ కంటే ముందు పక్కింటి పెద్దాయన అడ్డొచ్చాడు. "ఏమప్పా, సముద్రం దాటితే కులం పోతాదంట గదా?" అన్నాడు.

"నీళ్లలో పడితే కరిగేదైతే అది ఉప్పే గదన్నా! పోతే అంగట్లో ఇంకో శేరు తెచ్చుకుంటాలే" అన్నాడు మామ. నేను పగలబడి నవ్వాను. మూఢత్వాన్ని చూసి భయపడనక్కర్లేదని, నవ్వొచ్చని నాకు తెలిసింది అప్పుడే.

కాకినాడలో మామ రెండు పడవలు చూసి వచ్చాడు. ఒకటి పొడుగ్గా, సన్నగా, మెరుగు పెట్టినట్టుండి వేగంగా పోయేది. రెండోది పొట్టిది, లావుపొట్టది, అడుగున ఇనుప బరువున్నది. నేను పొడుగుదే కావాలన్నాను. మామ నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. పశువుల తొట్టిలో ఒక ఉత్త గిన్నె, అడుగున ఇసుక పోసిన ఒక చెంబు తేలనిచ్చి, రెండింటినీ పక్కకు తొయ్యమన్నాడు. గిన్నె నీళ్లు మింగి మునిగింది. చెంబు వంగి, ఊగి, మళ్లీ నిటారుగా లేచింది. నేను గంతులేశాను. ఇక పొట్టిదే మా పడవ.

అవ్వ తన షరతు చెప్పింది. "ఆడపిల్ల పోగూడదని నేననను. ముందు ఈడ ఒక దినమంతా పడవలో ఉండి చూపించు. దిగకుంటే పంపిస్తా."

శనక్కాయల పని అయిపోయి మా కళ్లం ఖాళీగా ఉంది. మామ అక్కడ ముగ్గుపిండితో పడవను అసలు కొలతలకే గీశాడు. మధ్యలో గుంజ పాతి, హిందూపురం సంతలో తెచ్చిన టార్పాలిన్‌ను తెరచాపగా కట్టాడు. గీత దాటితే మునిగినట్టే. సామాను నేనే సర్దుకోవాలి. అడిగితే చెబుతాడు, అడక్కపోతే చెప్పడు.

దిక్సూచి, లంగరుకు బదులు గుండురాయి, మోకులు, గిలకలు, తెరచాప చిరిగితే కుట్టడానికి దబ్బనం, రెండు లాంతర్లు, రాగిపిండి, వేయించిన శనక్కాయలు అన్నీ పేర్చాను. అవ్వ నిమ్మకాయలూ మిరపకాయలూ దారానికి గుచ్చి, పడవ ముందు కట్టమని తెచ్చింది. "కట్టొద్దమ్మా, ఊరగాయ పెట్టు. నెలల తరబడి పచ్చి కూరగాయ దొరక్కపోతే చిగుళ్లు పాడైపోతాయి. నిమ్మకాయ తింటేనే పని చేస్తాది" అన్నాడు మామ. అవ్వ మూతి తిప్పుకుంది గానీ, ఊరగాయ పెట్టింది.

పొద్దున నేను కెప్టెన్‌ని. దారిన పోయే మేకలన్నీ నాకు తిమింగలాలే. మధ్యాహ్నానికి నాలుక అట్టకట్టింది. నీళ్లు కావాలని అరిచాను. మామ నిండు బిందె మోసుకొచ్చి, గీత అవతలే నిలబడి గ్లాసు అందించాడు. "సముద్రం నిండా నీళ్లే. తాగు కెప్టెన్!"

గటగటా తాగాను. ఉప్పు! గొంతు మండిపోయింది.

బిందెడు నీళ్ల కోసం ఊరవతలికి నడిచే పిల్లను నేను. అన్ని నీళ్ల మీద పోతూ మళ్లీ నీళ్లు మోయాలన్న ఆలోచనే నాకు రాలేదు. 'సముద్రపు నీరు ఉప్పగా ఉండును' అని బడిలో గొంతెత్తి వల్లించి, భేష్ అనిపించుకున్నదాన్నీ నేనే!

గీత దాటి పరిగెత్తి అవ్వ కుండలో ముంత ముంచాను. అంటే మునిగిపోయాను. ఏడుపు ఆగలేదు.

"మునిగింది గదా, ఇంగ ఇంట్లో ఉండనీ" అంది అవ్వ.

"భూమ్మీద మునిగినోళ్లకు ఇంకో దినం ఉంటాదమ్మా. అందుకే గదా ఈడ గీసింది. ఇయ్యి" అన్నాడు మామ.

అవ్వ ఇచ్చింది. ఆ సాయంత్రం మామను ప్రశ్నలతో చంపాను. మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాడు? కుండ పగిలితే? వాన పడితే పట్టుకోవచ్చా? మర్నాడు నీళ్లకు చోటు కావాలని ఒక లాంతరు తీసేశాను. ఒకటి పగిలినా ఇంకోటి మిగిలేలా నీళ్లను నాలుగు కుండల్లో పోసి, బరువు కిందికుండాలని పడవ నడుమ అడుగున సర్దాను. వాన వస్తే టార్పాలిన్ మీంచి కుండలోకే జారేలా దాని అంచు వంచాను. పొద్దు కొండ వెనక్కి దిగేదాకా కదల్లేదు. అవ్వ గీత దాకా వచ్చి ఆగింది. "రాకాసీ, గెలిచినావు. దిగు. గుడ్డలు సర్దుకోవల్ల" అంది.

ధర్మవరంలో రైలు మారి కాకినాడ చేరి, మామ కొన్న పొట్టి పడవ ఎక్కాం. చాపలోకి గాలి దూరి ధబ్‌మన్నప్పుడు నా గుండె కూడా ధబ్‌మంది. తీరం వెనక్కి జరుగుతుంటే వంగి, నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. "ఉప్పే మామా, నిజంగా ఉప్పే!" అని అరిచాను.

తర్వాత ఎన్నో సభల్లో వాదించాను. శాస్త్రాలు గడగడా వల్లించేవాళ్లను నిలదీశాను, ఇకముందూ నిలదీస్తాను. కానీ ప్రతిసారీ ముందు నన్ను నేను అడుగుతాను, నాకిది తెలుసా, లేక ఉత్త నోటికే వచ్చా అని. చదివినది సామాను సర్దేటప్పుడు గుర్తుకు రాకపోతే, అది నాకింకా తెలియనట్టే.