అత్తమ్మ చెప్పిన అభ్యంతరం

మామయ్య పోయి దినాలు కూడా కాకముందే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి లేడు కాబట్టి తుపాకీ తెచ్చి అప్పగించమన్నారు. మా ఆయన దాన్ని పాత పంచెలో చుట్టి, బండి మీద పెట్టుకుని టేకులపల్లి తీసుకెళ్ళారు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే చెప్పారు, వారసుడి కింద తన పేరున లైసెన్సుకి పెట్టుకోవచ్చట, పెడతానని.

నేను వద్దన్నాను. ఆ ఏడాదంతా మా ఇద్దరి మధ్య నడిచిన తగువు అక్కడ మొదలైంది.

మాది అడవి అంచు ఊరు. చేను దాటితే వాగు, వాగు దాటితే అడవి. మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే వేళకి అడవి పందులు దిగుతాయి. తెల్లారి చూస్తే చేనంతా ఎవరో అడ్డదిడ్డంగా దున్నినట్టు ఉంటుంది. పంట కాపలాకని మామయ్య వయసులో ఉన్నప్పుడే ఒంటి గొట్టం తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నారు. నాకు తెలిసి దాంతో ఆయన ఒక్క పందినీ కొట్టలేదు. గాల్లోకి పేలిస్తే చాలు, మంద చెదిరిపోయేది. ఆ చప్పుడుతో చుట్టుపక్కల చేలు కూడా బతికేవి కాబట్టి ఊళ్ళో మంచి గౌరవం ఉండేది. ఎవరైనా మా ఇంటికి దారి అడిగితే తుపాకోళ్ళ ఇల్లు అని చూపించేవారు.

నేను మధిర వైపు దాన్ని. పెళ్ళయి వచ్చినప్పుడు నడిమింట్లో దేవుడి పటాల పక్కనే మేకులకి వేలాడుతున్న తుపాకీని చూసి, ఆ పక్కన నిలబడి దణ్ణం పెట్టుకోవడానికి భయపడ్డాను. అప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయనకి అప్పటికే బొగ్గు గనిలో ఉద్యోగం. ఇల్లందులో క్వార్టర్ ఇచ్చారు. పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. పండక్కో పంట కోతకో ఊరికి వచ్చినప్పుడు తప్ప తుపాకీ సంగతి నేను పట్టించుకోలేదు. మామయ్య పోయాక అత్తమ్మ ఒంటరిది కాకూడదని మేమే ఊరికి మారాం. మా ఆయన రోజూ బండి మీద డ్యూటీకి వెళ్ళొచ్చేవారు.

అలా అది నా ఇల్లయ్యింది. నా ఇంట్లోకి తుపాకీ తిరిగి వస్తానంటోంది.

పిల్లలు చిన్నవాళ్ళు కాదు. పెద్దవాడు ఇంటర్‌లో ఉన్నాడు, ఏమన్నా అంటే తలుపు ధడాలున వేసే వయసు. మా ఆయనకీ కోపం ఉంది, నాకూ ఉంది. కోపం వచ్చినప్పుడు చేతికి చెంబు అందితే పోయేది చెంబే, సొట్ట పడుతుంది. తుపాకీ అందితే ఏమవుతుందండీ అని అడిగాను. బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నారు. తాళం చెవి ఎక్కడ పెడతారు, మీ దగ్గరేగా అన్నాను. చేను గురించి చెప్పారు, పందుల గురించి చెప్పారు. అన్నీ అయ్యాక చివరికి ప్రతిసారీ ఒక్క మాట దగ్గర ఆగేవారు.

"నలభై ఏండ్లు మా అమ్మ దానితోని కాపురం చేసింది. ఒక్కనాడన్న వద్దన్నదా? అమ్మకు లేని బాధ నీకేంది?"

ఒకరోజు అత్తమ్మనే అడిగాను, మీరైనా చెప్పండి అని. ఆమె బియ్యం చేట అందుకుని, వాళ్ళ నాయిన వస్తువు, వాని ఇష్టం అంది. నా మాట ఆమెకి నచ్చలేదనుకున్నాను.

నిజానికి ఆయనకి కావలసింది తుపాకీ కాదు, వాళ్ళ నాన్న. అది నాకు తెలుసు. ఉద్యోగం రాకముందు ఆయన ఊళ్ళోనే ఉండి తండ్రితో సేద్యం చేశారు. సాయంత్రాలు మామయ్య అరుగు మీద కూర్చుని తుపాకీ తుడుస్తుంటే పక్కన చేరి కబుర్లు చెప్పుకునేవారట. అన్నం తినేటప్పుడు మా పిల్లలకి ఆ రోజుల కథలే చెప్పేవారు. మంచె మీద కాపలా, వాగులో పంది అడుగులు, ఎలుగుబంటి ఎదురుపడితే మామయ్య తుపాకీ మరిచిపోయి టార్చిలైటు గురిపెట్టిన సంగతి. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పేవారు. ఆ కథలు వింటుంటే నాక్కూడా ఇంత మొండితనం ఎందుకు అనిపించేది.

లైసెన్సు విచారణకి పోలీసాయన వచ్చింది ఎండాకాలం పొద్దున. వయసు మళ్ళిన హెడ్ కానిస్టేబుల్, నెమ్మదస్తుడు. అత్తమ్మ పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ ఒక్కొక్కటే అడిగారు. ఎక్కడ పెడతారు, తాళం ఉందా, భూమి తగాదాలు ఏమైనా ఉన్నాయా. మా ఆయన నిలబడి జవాబులు చెప్పారు. ఆఖరున పోలీసాయన నా వైపు తిరిగారు.

"ఇంట్ల ఎవరికన్నా అభ్యంతరం ఉన్నదా అమ్మా?"

ఆ ప్రశ్న వస్తే ఏం చెప్పాలో నేను ముందే అనుకుని ఉన్నాను. కానీ మా ఆయన నా వైపు చూశారు. బతిమాలుతున్నట్టు ఉంది ఆ చూపు. నేను ఒక్క క్షణం ఆగాను. ఈలోగా పంచలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"నాకున్నది."

పోలీసాయన నవ్వారు. "ఏందమ్మా, గిన్నేండ్లు మీ ఇంట్లనే ఉండె గదా."

"ఉండె. గందుకే అంటున్న."

ఆయన నవ్వడం మానేశారు. మీరు మీరు మాట్లాడుకుని ఫోన్ చేయండని చెప్పి, చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు.

పరాయివాళ్ళ ముందు ఇదేంటని మా ఆయన అడిగారు. గొంతు పెంచలేదు. అత్తమ్మ చింతపండులోంచి చెయ్యి తీయకుండానే చెప్పింది.

"మీ నాయిన చెడ్డోడు కాదు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. గానీ మాటా మాటా పెరిగితే లేసి తుపాకి తీసుకునేటోడు. అరుగు మీద కూసోని, ఒళ్ళె పెట్టుకోని తుడుసుకుంట ఉండేటోడు. నేను నోరు మూసుకునేదాన్ని. ఒక్కనాడు నా మీదికి ఎత్తలే. ఎత్తే పని పడలే."

"నేను పక్కన్నే ఉండేటోన్ని గదమ్మా" అన్నారు మా ఆయన.

"అవ్. నువ్వొచ్చి కూసోని ముచ్చట పెడితే ఆయన కోపం దిగేది. నువ్వు ఇంట్ల ఉన్నన్ని దినాలు నాకు ధైర్యముండె."

"నేను నౌకరికి పోయినంక?" అని మా ఆయన ఒక్క మాట అడిగి ఆగిపోయారు. అత్తమ్మ తల ఎత్తలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు ఒక విషయం గుర్తొచ్చింది. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో పెట్టించేవారు. ఆ రోజుల్లో మేము ఊరికి వస్తే అత్తమ్మ ముఖం తేటగా ఉండేది, మామయ్యకి ఎదురు మాట కూడా చెప్పేది. ఆమెకి ఎలక్షన్ల సందడి ఇష్టమేమో అనుకునేదాన్ని. అంతకు ముందెప్పుడో అడవిలో నక్సలైట్ అన్నలు తిరిగిన కాలంలో, వాళ్ళ చేతికి పోకుండా, తుపాకీ ఏళ్ళ తరబడి స్టేషన్‌లోనే ఉందట. ఊరంతా బిక్కుబిక్కుమంటూ గడిపిన ఆ రోజులు తనకి మంచి రోజులని అత్తమ్మ తర్వాత నాతో చెప్పింది.

మర్నాడే మా ఆయన వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. తుపాకీ మళ్ళీ మా ఇంటికి రాలేదు. నేను కోరుకున్నదే జరిగింది. ఆ పై ఏడాది చేలో జామాయిల్ వేశాం, పందులు దాని జోలికి రావు.

కానీ ఆయన కథలు చెప్పడం మానేశారు. అన్నాల దగ్గర పిల్లలు ఎలుగుబంటి సంగతి అడిగితే గుర్తు లేదనేవారు. ఒకటి రెండుసార్లు అడిగి వాళ్ళూ మానేశారు.

అది చూసి అత్తమ్మే మొదలుపెట్టింది. ఎవరూ అడగకుండానే మామయ్య మంచితనం చెప్పేది. నిండు చూలాలిగా ఉన్నప్పుడు వాగు పొంగితే తనని భుజం మీద ఎత్తుకుని అవతలి ఒడ్డుకి దాటించి దవాఖానాకి తీసుకెళ్ళాడని, కొడుకు పుట్టిన రోజు బూర్గంపాడు దాకా పోయి మిఠాయి తెచ్చి ఊరంతా పంచాడని. మా ఆయన తల వంచుకుని వినేవారు. చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. ఆమె చెప్పే మాట సగంలో ఆగిపోయేది.

ఒకసారి నా తల దువ్వుతూ అంది, "వాని నాయినను వాని దగ్గర్నుంచి నేనే గుంజుకున్న బిడ్డా. చెప్పకుంటె అయిపోతుండె. నా మీద కోపంగున్నడు." కోపం కాదులెండి అత్తమ్మా అన్నాను. కాదని నాకు మాత్రం ఏం తెలుసు? నేనూ కోపమే అనుకున్నాను. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను, ఆయన ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు.

పోయిన వానాకాలం అత్తమ్మ జ్వరంతో పడి లేవలేదు. భద్రాచలం వెళ్ళి అస్థికలు గోదావరిలో కలిపాం. మెట్ల మీద తడిబట్టలతో కూర్చుని ఆయన తనంతట తనే మాట్లాడారు. తనకి కోపం ఎవరి మీదా లేదట.

"నేను నౌకరికి పోయినంక ఎట్లున్నవని అమ్మను ఒక్కసారి అడిగిన. చెప్పలే. మల్ల అడగలేకపోయిన. ఏం చెప్తదో అని భయమైంది."

అత్తమ్మకి ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదండీ అన్నాను. ఆమె మీరు కోప్పడ్డారనుకునే పోయింది అని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన అవ్ అని తల ఊపి, నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయారు. పక్కన ఎవరో పిల్లలు ఈదుతూ అరుస్తున్నారు. బస్సు టైమవుతోందని నేనే లేపాను.

ఇప్పుడు మా ఇద్దరికీ తగువులు లేవు. చూసేవాళ్ళకి అన్యోన్యంగానే ఉంటాం. నా గొంతు కాస్త పెరిగితే చాలు, ఆయన మాట మధ్యలో వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్ళి నిలబడతారు. తప్పు నాదైనా సరే, ఒప్పేసుకుంటారు. లైసెన్సు కోసం ఆ ఏడాదంతా నాతో పోట్లాడినట్టు ఒక్కసారి, ఏ ఉప్పు తక్కువైన కూర గురించో, గట్టిగా పోట్లాడితే బాగుండునని అనిపిస్తుంది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. నవ్వి, కూర బాగానే ఉందన్నారు.