ఎర్తు పైపుకు కట్టిన తీగ

పదేళ్ళకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట్లో అది బరువుగా ఉండేది. ఇప్పుడు మొద్దుబారిన వేలులా ఉంది. ఉందని తెలుస్తుంది, గిచ్చినా నొప్పి తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది కరెంటు పని. ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాను. కొత్త మోటారు ఏది వచ్చినా, దాని ఇనుప ఒంటి నుంచి విడిగా ఒక ఎర్తు తీగ బయలుదేరి నేరుగా నేలలో తవ్విన ఎర్తు గుంత దాకా పోయిందో లేదో నా కళ్ళతో చూడందే స్విచ్చి వేయనివ్వను. ఆ తీగను ఇంకే పనికీ ఎవరినీ ముట్టుకోనివ్వను. నాకు అక్కడ 'ఎర్తు సారు' అని పేరు. "ఎర్తు సారు పెండ్లిల తాళి కన్నా ముందుగాల ఎర్తు కట్టిండట" అని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. ఈ చాదస్తం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

ఎనభైల చివర్లో నేను కల్వకుర్తిలో ఉండేవాణ్ణి. ఖాజా భాయి దుకాణం వెనక గదిలో కిరాయికి. మధ్యలో ఒకటే గోడ. ఆ దుకాణంలో అంతకుముందు పిండి గిర్ని నడిచేదట. అందుకని మూడు ఫేజుల కరెంటు ఉండేది. ఖాజా భాయి మంచం కోళ్ళు, తొట్టెల కోళ్ళు, చపాతీ కర్రలు చేసేవాడు. కర్రను పట్టుకుని గిరగిరా తిప్పే మిషన్ ఆయన సొంతంగా తయారు చేసుకున్నదే. పాత ఇనుప పట్టీలు, ఎక్కడో దొరికిన ఇరుసు, ఒక పాత మోటారు. దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. పని లేని రోజు కూడా ఊరికే ఒక బొంగరం చేసి వీధి పిల్లలకు ఇచ్చేవాడు.

ఆ మోటారుకు వైరింగు చేసింది నేనే. మనిషిలోతు గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు నింపి, పైపు దించి, మిషన్ ఇనుముకు తీగ బిగించాను. మోటారులో ఎప్పుడైనా కరెంటు లీకై ఇనుములోకి వస్తే, అది మనిషి ఒంట్లో నుంచి కాకుండా ఆ పైపు గుండా నేలలోకి పోవాలి. అందుకే అది. మాది మొరం నేల, తడి నిలవదు. ఎండిన నేల కరెంటును మింగదు. అందుకని ఎండాకాలం రోజూ ఆ గుంతలో ఒక బిందె నీళ్ళు పోయాలని చెప్పాను. ఖాజా భాయి భార్య రజియా భాభీ ఆ పని తన మీద వేసుకుంది. బోరింగు కాడ కొట్లాడి తెచ్చిన నీళ్ళలో మొదటి బిందె దానికే పోసేది.

ఆ వైరింగు మంచిగా చేశాను. మీరు అది నమ్మాలని నాకుంది. ఎందుకుంది? మంచిగా చేసిన పనిని నేనే చెడగొట్టానని చెప్పబోతూ, ఇంకా మెప్పు కావాలా నాకు?

ఆ ఎండాకాలం మా గదికి వచ్చే న్యూట్రల్ తీగ స్తంభం మీద కాలిపోయింది. ఫ్యానుకు కరెంటు తెచ్చే తీగ ఒకటి, తిరిగి తీసుకుపోయే తీగ ఒకటి కావాలి. తీసుకుపోయేది తెగిందన్నమాట. లైన్‌మన్‌కు చెబితే అతికించి పోయేవాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. మా పక్క పల్లెల్లో అందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. నేలలో ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి, న్యూట్రల్‌కు బదులు దానికి తీగ కడితే బల్బు వెలుగుతుంది. కడ్డీ దిగ్గొట్టడానికి కూడా నాకు ఒళ్ళు వంగలేదు. గోడ అవతలే ఖాజా భాయి ఎర్తు పైపు ఉంది. కిటికీలోంచి ఒక తీగ దించి దానికి చుట్టాను. కొత్తగా కొన్న కూలర్ చల్లగా తిరిగింది. ఆయనకు చెప్పలేదు.

తెలియక చేసిన తప్పు కాదిది. గుంత ఎండితే నా కూలర్ నుంచి వచ్చే కరెంటుకు నేలలోకి దారి ఉండదనీ, అదే పైపుకు కట్టిన మిషన్ ఇనుము మీదికి ఎక్కి కూర్చుంటుందనీ నాకు బాగా తెలుసు. వచ్చిన పనే అది నాకు. భాభీ రోజూ నీళ్ళు పోస్తుంది కదా అనుకున్నాను. ఆమె పోసే బిందె మీద భారం వేసి పడుకున్నాను. ఏదో ఆపద వచ్చి కాదు, పసిపిల్ల జ్వరం కోసం కాదు. మధ్యాహ్నం కునుకు కోసం.

ఆ ఏడు రంజాన్ మండుటెండల్లో వచ్చింది. ఖాజా భాయి ఒక్కపొద్దు ఉండి కూడా మిషన్ ఆపలేదు, పండుగ ముందు పనులు ఎక్కువ. ఒక రోజు మధ్యాహ్నం నా కూలర్ మెల్లగా తిరిగింది. వోల్టేజీ లేదని తిట్టుకుని అటు తిరిగి పడుకున్నాను. నా కరెంటు నేలలోకి దిగక గోడవతల మిషన్ మీద నిలబడి ఉంది కాబట్టే కూలర్ మెల్లగా తిరుగుతోందని వేరే వాళ్ళ ఇంట్లో అయితే చూడగానే చెప్పేవాణ్ణి.

భాభీ కేకకు లేచాను. లేస్తూనే నాకు అర్థమైంది. కిటికీ దగ్గరికి పోయి తీగను లాగేశాను. అది చేయాల్సిన పనే. కానీ ఆ తర్వాత దాన్ని మా పనివాళ్ళ అలవాటు ప్రకారం అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టగా చుట్టాను. కొసను ముడి వేశాను. కూలర్ వెనక్కి తోశాను. అప్పుడు దుకాణంలోకి పరుగెత్తాను.

ఎంతసేపు పట్టి ఉంటుంది? లెక్క పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేను పోయేసరికి ఎవరో మెయిన్ ఆపేశారు. ఆయన చెమటతో తడిసిన లుంగీతో, ఉత్త కాళ్ళతో కింద పడి ఉన్నాడు. ఒంటి నిండా కర్ర పొట్టు. నేను ఆయన ఛాతీ మీద ఒత్తాను. తీగ చుట్టకుండా ముందే వచ్చి ఒత్తి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది, ముందుకు పోదు, వెనక్కి రాదు. జీపులో దవాఖానకు తీసుకుపోయాం. పోయాడన్నారు.

మోటారును పరీక్ష చేయమని నన్నే పిలిచారు. మోటారు మంచిగా ఉంది, ఎక్కడా లీకేజీ లేదు. కానీ నేను లోపల వైరు దెబ్బతిన్నదని, ఎర్తు గుంత ఎండిందని చెప్పాను. అందరూ తల ఊపారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అయినా నేను కనిపించిన ప్రతివాడికీ నా వైరింగులో లోపం లేదని చెప్పుకుంటూ తిరిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అక్కడ ఆ మాట కూడా ఎవరూ అనకముందే తడుముకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కొన్ని రోజులకు భాభీ పిలిపించింది. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, ఎదుటికి రాదు. గుమ్మానికి కట్టిన పరదా వెనక నుంచి మాట్లాడింది.

"భయ్యా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. గా దినం నేను గుంతల నీళ్ళు పొయ్యలే. బోరింగుల నీళ్ళు రాలే. ఉన్నయి నమాజు వజూకు, ఇఫ్తార్‌కు దాసిపెట్టిన. గందుకేనా గిట్లయింది?"

"ఎండితే గట్లనే అయితది భాభీ. ఎర్తు పనిచెయ్యదు."

"అంటే నేనే సంపుకున్న."

"గట్లనకు. అల్లా రాసిండు."

"అల్లా రాసిండు గని, నీళ్ళు పొయ్యమని నువ్వు చెప్పినవ్ గద భయ్యా."

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. నేను చెప్పింది అబద్ధం కాదని చాలా ఏళ్ళు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. గుంత తడిగా ఉంటే ఆయన బతికేవాడేమో, నిజమే. తిలా పాపం తలా పిడికెడు అని పంచి చూశాను. ఎండకు కొంత, బోరింగుకు కొంత, చెప్పులు వేసుకోని ఆయనకు కొంత. ఎంత పంచినా నా పిడికిలి ఖాళీ కాలేదు.

మిషన్ అమ్మేశారు. అయినా భాభీ రోజూ పొద్దున్నే ఆ గుంతలో బిందె నీళ్ళు పోస్తూనే ఉండేది. దానికి కట్టి ఉన్నదేమీ లేదు. నా కిటికీలోంచి కనబడేది. కొన్నాళ్ళు చూశాను. చూడలేక కిటికీ మూశాను. తర్వాత ఊరే మారాను.

ఈ మధ్య చెప్పేద్దామనే నిశ్చయంతో కల్వకుర్తి పోయాను. భాభీ తల నెరిసింది. నన్ను చూసి సంతోషపడింది, చాయ్ పెట్టింది. పక్కింటామె వచ్చి కూర్చుంటే నన్ను చూపించి, మా మిషన్‌కు వైరింగు చేసింది ఈ భయ్యానే, ఈయన తప్పు ఏమీ లేదు, చెప్పినట్టు చేయనిది నేనే అని చెప్పింది. మామూలుగా చెప్పింది, చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటలాగా. తేలు కుట్టిన దొంగలా కూర్చుని చాయ్ మొత్తం తాగాను. బాగుందని కూడా అన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

ఇదీ సంగతి. ఆమె నీళ్ళు పోసినా పోయకపోయినా, నేను ఆ తీగ కట్టి ఉండకపోతే ఖాజా భాయి ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు కూర్చునేవాడు. ఈ వాక్యం ఇన్నేళ్ళలో ఇప్పుడే మొదటిసారి బయట పెట్టాను. రాశాక ఛాతీలో కొంచెం తేలికగానే ఉంది, అబద్ధమెందుకు. ఆమె అదే ఇంట్లో ఉంది. ఈ తేలిక ఆమెకు దక్కాల్సింది. దీన్ని కూడా నేనే తీసుకున్నాను.