రొట్టె మీద అన్నం

కొండాపూర్ డాక్టరుకు నా కాలి బొటనవేలు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. సిమెంటు కొరికిన పుండు నెల దాటినా మానక, కుళ్లిన వంకాయలా నల్లబడి వాసన కొడుతోంది. అప్పట్లో మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ల భవనాలు లేస్తున్నాయి. నేను అక్కడ తాపీ మేస్త్రిని. చదువు ఐదో తరగతిలోనే నన్ను వదిలించుకుని సుఖపడింది.

షుగరన్నాడు డాక్టరు. అది దిగకపోతే వేలు తీసేయాలన్నాడు. తొమ్మిదితో సర్దుకుంటానన్నాను. ఆయన నవ్వలేదు. ఇటుకలందించే మా ఆవిడా నవ్వలేదు. బొటనవేలు లేనివాడు పరంజా పలక మీద ఎంతసేపు నిలబడతాడో ఆమెకు తెలుసు.

మాత్రలు రాసి, జొన్నరొట్టె తినమన్నాడు. మా ఊళ్లో పొద్దున రొట్టె, మాపటికి జొన్నరవ్వతో కాచిన గట్క. పెళ్లిళ్లలో తప్ప తెల్లన్నం ఎరగను. మూడు పూటలా అన్నం తినొచ్చనే పట్నం వచ్చినవాణ్ణి. ఎవరో మంచి సలహా ఇచ్చారని మా ఆవిడ పరగడుపునే కాకరకాయ రసం కూడా పోసేది. ఆ పచ్చటి నురగ గేదె నోట్లోంచి జారినట్టుండేది.

"గట్క దాగి పెరిగిన నోరేనా ఇది?" అనేది నా మొహం చూసి.

రోజూ మధ్యాహ్నం రెండు రొట్టెలు, తడి గోనెసంచి నమిలినట్టు నమిలాను. నెల తర్వాత రక్తం చూస్తే షుగరు అంగుళం కదల్లేదు. రొట్టె నిజంగా తింటున్నానా అని డాక్టరు అడిగాడు. మా ఆవిడకు రోషమొచ్చింది.

"దినాం తింటుండు సారూ. రొట్టె అయినంకనే అన్నం పెడుతున్న."

"అన్నం ఎంత పెడుతున్నారమ్మా?"

"ఎప్పటంతనే. రొట్టె మందు గదా సారూ, దాంతోని కడుపెట్ల నిండుతది?"

డాక్టరు కలం కింద పెట్టాడు. రొట్టె అన్నానికి ముందు కాదండి, అన్నానికి బదులు అన్నాడు. నాకు రొట్టె కన్నా నా మీదే ఎక్కువ రోత పుట్టింది. పట్నమొచ్చాక ఏం తిన్నా, పైన ఇంత అన్నం పడకపోతే మాకు అది తిండి కాదు. నెల రోజుల గోనెసంచి వృథా. వేలు ఇంకా నల్లబడింది.

మర్నాడు పని దగ్గర టిఫిన్ డబ్బా తెరిస్తే రొట్టె, పాలకూర పప్పు. కింది గిన్నె ఖాళీ. అందరి డబ్బాల్లోంచీ అన్నం ఆవిరి నా ముక్కుకే వస్తోంది. నీ అన్నమేదని మా ఆవిడను అడిగాను.

"నాకు గూడ రొట్టెనే. మాటలు ఆపి నములు."

నమిలాను. వానాకాలం పోయేసరికి పుండు ఎండింది. గోరు పోయి, వేలు ఎండిన అల్లం ముక్కలా మిగిలింది గానీ పలకను గట్టిగానే పట్టుకుంటుంది. రొట్టె ఇప్పటికీ రోతే. ఇప్పటికీ తింటున్నాను.