స్విచ్చి మీద టీచరమ్మ చేతిరాత

చెన్నై తొండియార్‌పేటలో మా కింది వాటాలో ఉండే టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశారు. అప్పటికి నేను షోళింగనల్లూరు ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, "టీచరమ్మ పోయినారు మే" అంది. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే ఆవిడ నన్ను మెట్ల మీద ఆపి, తమిళం కలపకుండా రెండు ముక్కలు తెలుగు మాట్లాడి పొమ్మని ఆట పట్టించారు.

బతుకంతా బడిలో తెలుగు చెప్పిన మనిషి గురించి టీవీ కింద ఉండే సెట్‌టాప్ పెట్టెతో మొదలుపెడుతున్నందుకు మీరు నవ్వుకోవచ్చు. మాకు ఆవిడ చేసిన మేలు అక్కడే ఉంది మరి.

పక్షవాతం వచ్చాక నాన్నకు కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. పొద్దున్నే ఎడమచేత్తో రిమోటు నొక్కి, తెలుగు ఛానెల్లో హరికథ పెట్టుకోవడం ఒక్కటే ఆయన తనంతట తాను చేసుకునే పని. ఒకరోజు ఆ ఛానెల్ రాలేదు. ఐటీలో పనిచేసేదాన్ని కదా, ఛానెళ్ళను వెతికి జాబితాలో చేర్చే స్కాన్ ధీమాగా కొట్టాను. వచ్చింది. ఆ తర్వాత ఏది రాకపోయినా అదే వైద్యం. చివరికి జాబితాలో ప్రతి ఛానెలూ రెండేసి సార్లు చేరింది. ఒకదాంట్లో బొమ్మ వచ్చేది, రెండోదాంట్లో నల్ల తెర. ఏ కార్యక్రమం ఎప్పుడో చూపించే పట్టిక నిండా ‘సమాచారం లేదు’ అనే మాటే. నాన్న నొక్కినప్పుడల్లా నల్ల తెరే ఎదురయ్యేది. తన వేలే తప్పిపోతోందనుకుని ఆయన రిమోటు దిండు కింద పెట్టేశారు. హరికథ ఊసే ఎత్తడం మానేశారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నాన్నను చూడటానికి వచ్చిన టీచరమ్మ ఈ సంగతి విని, కళ్ళజోడు సర్దుకుని, ఆయన పక్కనే కూర్చున్నారు. క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కో ఛానెల్ పేరూ పైకి చదివారు.

"పాత రిజిస్టరు మూయకుండా కొత్తది రాసినావు గదమ్మే. ఒకే బిడ్డ పేరు రెండు తావుల ఉండాది. ఈడుండేది పలుకుతాది, ఆడుండేది పలకదు. మీ నాయన పిలిచింది పలకనిదాన్ని. తప్పు ఆయన చేతిది కాదు, నీది."

నాన్న తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నారు. ఆ చూపు నేను మరిచిపోలేను.

పాత జాబితా మొత్తం చెరిపించి, ఒక్కసారి స్కాన్ చేయించారు. ఒక్కో పేరూ ఒక్కసారే మిగిలింది. పట్టిక మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఆవిడ అమ్మ వైపు తిరిగారు.

"టీవీ చూసినాక ఏం చేస్తావు?"

"గోడ స్విచ్చి ఆపేస్తా టీచర్. కరెంటు దండగ గదా."

"పెట్టె నిద్రపోతా ఆ పట్టిక తెచ్చుకుంటాది. నువ్వు ఊపిరే ఆపేస్తే ఏం తెచ్చుకుంటాది? రిమోటుతో ఆపు, సాలు."

ఇదంతా ఎలా తెలుసని అడిగితే, పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం చదివానన్నారు. "చదవకుండా నొక్కేవాళ్ళకు నా దగ్గర మార్కుల్లేవు" అని నన్నొక చూపు చూశారు. వెళ్ళే ముందు తెల్ల ప్లాస్టరు ముక్క మీద గుండ్రటి అక్షరాలతో ‘ఆపరాదు’ అని రాసి స్విచ్చికి అంటించారు.

మర్నాటికి పట్టిక నిండింది. నాన్న హరికథ వెతికి, తానే నొక్కారు. ఆ రోజు నుంచి టీచరమ్మ పాలప్యాకెట్టు తెచ్చుకుంటూ మెట్ల కింద నుంచే హాజరు వేసేవారు. "పలికిందా?" అని ఆవిడ అడగాలి, "పలికింది" అని నాన్న జవాబు చెప్పాలి. వినపడకపోతే మళ్ళీ అడిగేవారు, జాలి పడేవారు కాదు. ఆ ఒక్క మాటా అనీ అనీ నాన్న నాలుక తిరిగింది. డాక్టరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది మాకు తెలుసు.

మంగళవారం నేను ఇంటికి చేరేసరికి కింద జనం ఉన్నారు. కింద చావు జరిగితే పైన టీవీ మోగకూడదని అమ్మ పాత అలవాటున గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేసింది.

నాన్న ఎడమచెయ్యి ఎత్తారు.

"ఆపొద్దు" అన్నారు. ప్లాస్టరు ముక్క వైపు వేలు చూపి, "ఆమె రాసింది" అన్నారు. రెండు మాటలూ స్పష్టంగా వినిపించాయి.

అమ్మ చెయ్యి తీసేసింది. రిమోటుతో నాన్నే ఆపారు. నల్లబడిన తెర కింద పెట్టెలో చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, రేపటి పట్టిక తెచ్చుకుంటూ.